అన్న దివాను, తమ్ముడు రాజు

మా విద్యార్థులు కొందరు ఈ మధ్య ట్యూడరు వంశపు రాజుల మీద వచ్చిన సీరియళ్ళు ఫోన్లలో చూస్తున్నారు. ఎనిమిదో హెన్రీ కొలువులో ఎవరు ఎవరిని పడగొట్టారో, ఎవరి చెవిలో ఎవరు ఏం ఊదారో వాళ్ళకు కంఠతా వచ్చు. 1529లో వోల్సీ పతనం, 1536 మే నెలలో ఆన్ బొలీను శిరచ్ఛేదం, 1540 జూలైలో థామస్ క్రామ్వెల్ వంతు - ఇవన్నీ పరీక్షకు చదివిన వాటికంటే బాగా గుర్తుపెట్టుకున్నారు. అందులో నాకు అభ్యంతరం లేదు. మన జిల్లాలోనే ఉన్న పద్మనాభం పేరు చెబితే మాత్రం కొండమీది గుడి, గోస్తనీ ఒడ్డు, కార్తీక దీపోత్సవం తప్ప మరేమీ తెలియదంటున్నారు. అక్కడ ఒక రాజు చచ్చిపోయాడని చెబితే, "ఎవరు చంపారండీ?" అని అడిగారు. నిజానికి ఇది చాలా మంచి ప్రశ్న. దీనికి సమాధానం చెప్పటానికి ఒక పూట చాలలేదు. ఆ చాలనిదే ఇక్కడ రాస్తున్నాను.

మన అభ్యుదయ సాహిత్యకారులలో ఒక అలవాటుంది. రాజాస్థానాల సంగతి రాగానే, "అదంతా భూస్వాముల అంతఃకలహం, దానితో ప్రజలకేం పని?" అని పక్కకు నెట్టేస్తాం. ఎదుటి పక్షంవాళ్ళు అదే ఆస్థానాన్ని వీరగాథగా చేసి ఊరేగిస్తారు. ఇద్దరూ చేసే పని ఒకటే. ఖజానా లెక్కలు చూడకుండా తప్పించుకోవటం. మనుషులు వర్గం చేతిలో తోలుబొమ్మలని అనుకుంటే విజయనగర చరిత్ర అర్థం కాదు. మనుషులే చరిత్ర అనుకుంటే అసలే కాదు.

బొబ్బిలి యుద్ధంతో మొదలుపెట్టక తప్పదు. 1753లో సలాబత్ జంగు ఉత్తర సర్కారులను ఫ్రెంచి బుస్సీకి ఇచ్చాడు. సైన్యం జీతాలకోసం ఇచ్చిన సర్కారులవి. అంటే జమీందార్లనుంచి పేష్కషు రాబట్టగలిగితేనే ఆ సైన్యం నిలబడుతుంది. విజయనగరపు పెద్ద విజయరామరాజు ఈ కీలకం పట్టుకున్నాడు. పెద్ద దొరకు డబ్బు కావాలి, తనకు పక్కనున్న బొబ్బిలి అడ్డు తొలగాలి. 1757 జనవరి 24న బొబ్బిలి కోట పడిపోయింది. కోటలోని ఆడవాళ్ళనూ పిల్లలనూ తమవాళ్ళే చంపుకున్నారు. మూడో రాత్రి తాండ్ర పాపారాయుడు డేరాలో జొరబడి విజయరామరాజును పొడిచి చంపాడు. ఇదంతా జంగం కథలలోను, బుర్రకథలలోను, 1964లో వచ్చిన 'బొబ్బిలి యుద్ధం' చిత్రంలోను, 1986 నాటి 'తాండ్ర పాపారాయుడు'లోను మనవాళ్ళు విని, చూసి కన్నీళ్ళు పెట్టుకున్నదే. ఆ కన్నీటిని నేను వెక్కిరించను. మా అమ్మ ఇప్పటికీ ఆ కథ సగంలో లేచి వంటింట్లోకి వెళ్ళిపోతుంది. అయితే ఆ కథ చెప్పేవాళ్ళెవరూ బుస్సీ బకాయిల పట్టీ చదవరు.

తరవాత గద్దెకు వచ్చిన ఆనందరాజు ఫ్రెంచివాళ్ళకు ఎదురు తిరిగాడు. 1758లో వాళ్ళ చేతిలో ఉన్న విశాఖపట్నాన్ని పట్టుకుని ఇంగ్లీషువాళ్ళకు కబురు పెట్టాడు. క్లైవు బెంగాలునుంచి కర్నల్ ఫోర్డును పంపాడు. ఆ ఏడు డిసెంబరులో చందుర్తి దగ్గర ఫ్రెంచివాళ్ళు ఓడిపోయారు, 1759 ఏప్రిల్లో మచిలీపట్నం పోయింది. ఒక దొరను వదిలించుకోవటానికి ఇంకొక దొరను పిలిచిన ఆనందరాజు 1760లో మశూచికంతో పోయాడు. పిలిచినవాడు పోయాడు గాని, వచ్చినవాడు పోలేదు.

అసలు కథ ఇక్కడ మొదలవుతుంది. ఆనందరాజుకు సంతానం లేదు. పెద్ద విజయరామరాజు భార్య దాయాదుల ఇంటి పిల్లవాణ్ణి దత్తు తీసుకుని విజయరామరాజని పేరు పెట్టి గద్దె మీద కూర్చోబెట్టింది. ఆ పిల్లవాడికి ఒక అన్న ఉన్నాడు, సీతారామరాజు. పెద్దవాణ్ణి విడిచి చిన్నవాణ్ణి ఎంచుకోవటంలో అంతఃపురం ఏం ఆలోచించిందో గాని, ఆ ఎంపికే తరవాతి ముప్పయ్యేళ్ళ రాజకీయాన్ని నిర్ణయించింది. తమ్ముడు చిన్నవాడు గనక అధికారం అన్న చేతిలోకి వచ్చింది. తమ్ముడు పెద్దవాడైన తరవాత కూడా అది అన్న చేతిని వదల్లేదు. రాజముద్ర తమ్ముడిది, బొక్కసం తాళం అన్నది.

సీతారామరాజును గురించి దొరల రాతల్లో మంచి మాట కనిపించటం అరుదు. మొండివాడు, దురాశాపరుడు, చుట్టుపక్కల జమీందార్లను మింగేసినవాడు అని రాశారు. ఇందులో అబద్ధం తక్కువే. కొండ జమీందార్లు చాలామంది ఆయన రోజుల్లోనే విజయనగరానికి లోబడిపోయారు, కొందరు ఖైదీలయ్యారు. 1784లో కంపెనీవారి సర్క్యూట్ కమిటీ తన నివేదికలో విజయనగరం బలగం పన్నెండు వేలకు పైబడి ఉందనీ, అది కంపెనీకి ప్రమాదమనీ రాసింది. పన్నెండు వేల మంది! ఆ రోజుల్లో ఈ సీమలో ఇంకొకరికి అంత బలగం లేదు. ఈ బలగాన్ని పోషించిందెవరు? అడవి అంచున రాగులు, సామలు పండించుకునే రైతు, మైదానంలో చెరువు కింద వరి వేసుకునే రైతు. సీతారామరాజు పీక పట్టుకుంటే వాళ్ళు పంట ఇచ్చారు. కంపెనీవాడు సీతారామరాజు పీక పట్టుకుంటే ఆయన పేష్కషు కట్టాడు. ఇదొక గొలుసు. దానిలో ప్రతి కడియానికీ ఒక మనిషి పేరుంది, చివరి కడియానికి తప్ప.

ఇంతవరకు చెబితే మన సభల్లో అందరూ తల ఊపుతారు. అయితే సీతారామరాజు గొప్పతనం, ఆ మాట వాడక తప్పదు, మరోచోట ఉంది. కొలువు ఎక్కడికి తరలిపోయిందో ఆయనకు తెలుసు. హెన్రీ కొలువులో సింహాసనం రాజు ఉన్న గదిలోనే ఉంది. క్రామ్వెల్ చేసిందల్లా ఆ గది తలుపు దగ్గర నిలబడటం. విజయనగరం కోటలో ఉన్నది సింహాసనం కాదు, ఒక కుర్చీ. అసలు సింహాసనం మద్రాసులో సెంట్ జార్జి కోటలో ఉంది. దానికి వెనక లండనులో ఇంకొకటి ఉంది. తమ్ముడు కుర్చీని చూసుకుని కూర్చున్నాడు. అన్న మద్రాసు బాట పట్టాడు.

1778లో సర్ థామస్ రంబోల్డ్ మద్రాసు గవర్నరుగా వచ్చాడు. సర్కారు జమీందార్ల లెక్కలను ఊళ్ళోనే విచారించటానికి ఏర్పడిన సర్క్యూట్ కమిటీని ఆయన రద్దుచేసి, జమీందార్లందరినీ మద్రాసుకే రమ్మన్నాడు. ఎందుకన్నది పెద్ద రహస్యమేమీ కాదు. ఊళ్ళో విచారణ జరిగితే లెక్క కాగితం మీదకు వస్తుంది. మద్రాసులో జరిగితే సంచిలోకి వస్తుంది. అప్పటికి విజయనగరంలో దివానుగా ఉన్నది జగన్నాథరాజు. రాజు విజయరామరాజు నమ్మినవాడు, ఊళ్ళో పేరున్నవాడు. రంబోల్డ్ ఆయన్ని తీసివేయించి, రాజు వద్దు వద్దని మొర పెట్టుకుంటున్నా వినకుండా సీతారామరాజును దివానుగా నిలబెట్టాడు. కంపెనీ గవర్నరు ఒక అన్నదమ్ముల తగాదాలో ఇంత ఆసక్తి చూపటానికి కారణం తరవాత తేలింది. గవర్నరుగారి ఆంతరంగిక కార్యదర్శి రెడ్‌హెడ్‌కు సీతారామరాజు లక్ష రూపాయలు ఇవ్వటానికి ఒప్పుకున్నాడు. ఏయే పనులకు ప్రతిఫలమో కూడా అందులో ఉంది: దివానుగిరీ ఇప్పించటం, తమ్ముడితో రాజీ కుదర్చటం, అనకాపల్లి సీమ, విజయనగరం కోట ఇప్పించటం. తమ్ముడితో రాజీ కూడా ధర కట్టిన సరుకే!

మా క్లాసులో ఈ పట్టీ చదివి వినిపించినప్పుడు ఒక అమ్మాయి, "అన్నదమ్ములు కలవటానికి దొరకు లంచం ఎందుకండీ, మధ్యలో అమ్మో, మేనమామో లేరా?" అని అడిగింది. మన పల్లెల్లో గట్టు తగాదా వస్తే మేనమామ కూర్చుని తెగ్గొడతాడు. సంస్థానం తగాదాలో మేనమామ స్థానం కంపెనీ దొర తీసుకున్నాడు. వలస పాలన అంటే ఏమిటో పాఠ్యపుస్తకాల్లో పేజీలు పేజీలుగా ఉంది గాని, ఆ పిల్ల ప్రశ్నలో ఉన్నంత సూటిగా ఎక్కడా లేదు.

రంబోల్డ్ రెండేళ్ళ పైచిలుకు ఉద్యోగంలో ఇంగ్లండుకు పంపుకున్న సొమ్ము లక్షా అరవై వేల పౌన్లు దాటింది. 1781లో డైరెక్టర్లు ఆయన్ని ఉద్యోగంనుంచి తొలగించారు. పార్లమెంటులో డుండాస్ నాయకత్వాన విచారణ జరిగింది, శిక్షించటానికి బిల్లు వచ్చింది, 1783లో ఆ బిల్లు చల్లగా జారిపోయింది. మంత్రిని తల నరికించటం ట్యూడరు కొలువు పద్ధతి. పద్దెనిమిదో శతాబ్దం నాటికి ఇంగ్లండులో నాగరికత పెరిగింది, తలలు నరకటం తగ్గింది. ముఖ్యంగా డబ్బున్న తలలు.

ఇక్కడ ట్యూడరు కాలపు సంగతి ఒకటి చెప్పాలి. 1536 నుంచి 1540 దాకా హెన్రీ కోసం క్రామ్వెల్ మఠాలను రద్దుచేయించి వాటి భూములను రాజు వశం చేశాడు. ఆ భూములు తరవాత చాలా భాగం అమ్ముడుపోయి, కొన్న భూస్వాముల కుటుంబాల్లో స్థిరపడిపోయాయి. క్రామ్వెల్ తల పోయింది గాని, భూములు ఎవరికీ తిరిగి రాలేదు. సీరియల్లో తల పడటం చూపిస్తారు, భూమి చేతులు మారటం చూపించరు. కెమెరాకు తల దొరుకుతుంది, దస్తావేజు దొరకదు. ఇది కెమెరా తప్పని అనను గాని, ఆ చూపుకే మనమూ అలవాటు పడిపోయాం. 2021 జనవరిలో కేంద్ర మంత్రివర్గ సంఘం విశాఖ ఉక్కు కర్మాగారంలో వాటాలన్నీ అమ్మాలని నిర్ణయించినప్పుడు, శిబిరం దగ్గర టీ తాగుతూ విన్న మాటల్లో సగం ఎవరు ఎవరికి దగ్గర, ఎవరి మాట ఢిల్లీలో ఎవరు వింటారు అనే కొలువు కబుర్లే. 1966 ఉద్యమంలో ముప్పై రెండు మంది తూటాలకు బలయ్యారు. కర్మాగారం ఎవరు తెచ్చారని అడిగితే మాత్రం ఇద్దరు ముగ్గురు నాయకుల పేర్లు వినిపిస్తాయి. పక్కనే ఉన్న ఒక కార్మికుడు, "భూమి ఎంత, దాని ధర ఎంత, అది చెప్పండి ముందు" అన్నాడు. విజయనగర చరిత్ర రాయవలసింది ఆయనే అనిపించింది.

మళ్ళీ మన కథకు వద్దాం. మధ్యలో కొంతకాలం పక్కకు తప్పుకోవలసి వచ్చినా సీతారామరాజు తిరిగి దివానుగిరీకి వచ్చాడు. ఐతే కంపెనీ అవసరం ఈలోగా మారిపోయింది. మొదట దానికి పేష్కషు రాబట్టే బలమైన దివాను కావాలి, అందుకు పన్నెండు వేల బలగం ఉన్నా సహించింది. మైసూరు టిప్పుతో 1792లో సంధి కుదిరి దక్షిణాన ఊపిరి పీల్చుకునే వీలు దొరికాక, పేష్కషూ కావాలి, బలగమూ ఉండకూడదు. అంటే దివాను వద్దు, రాజూ వద్దు. 1793లో సీతారామరాజును మద్రాసులో ఉండమని నెలకు 5,000 రూపాయల భత్యం ఏర్పాటు చేశారు. ఆయన వెళ్ళాడు. ఆ తరవాత ఈ సీమ చరిత్రలో మళ్ళీ కనిపించడు. సంస్థానాన్ని బకాయిల కింద జప్తుచేసి, రాజు విజయరామరాజును కూడా మద్రాసుకు పొమ్మన్నారు. ఆయనకు నెలకు 1,200.

ఈ రెండు అంకెలను పక్కపక్కన పెట్టి చూడండి. దివానుకు ఐదు వేలు, రాజుకు పన్నెండు వందలు. ఎవరు ప్రమాదకరమైన మనిషో, ఎవరి నోరు మూయించటానికి ఎంత ఖర్చవుతుందో కంపెనీ గుమాస్తా కచ్చితంగా లెక్కవేశాడు. ముప్పయ్యేళ్ళ కొలువు రాజకీయానికి ఇంతకన్నా మంచి విమర్శ నేను చదవలేదు.

కాని గుమాస్తా లెక్కలో ఒకటి తప్పింది. ముప్పయ్యేళ్ళు అన్న నీడలో కూర్చున్న మనిషి, దొరల కాగితాల్లో మెతకవాడుగా పేరుపడ్డ మనిషి, మద్రాసుకు బయలుదేరినట్టే బయలుదేరి, దారి మార్చి పద్మనాభంలో విడిది చేశాడు. వెంట నాలుగు వేలమంది దాకా ఉన్నారు. రమ్మన్నా కదల్లేదు. 1794 జూలై 10న లెఫ్టినెంట్ కర్నల్ ప్రెండర్‌గాస్ట్ సేనతో వచ్చి పడ్డాడు. ముప్పావుగంటలో యుద్ధం అయిపోయింది. విజయరామరాజూ, ఆయన చుట్టూ నిలబడ్డ ముఖ్యులు చాలామందీ అక్కడే కూలిపోయారు.

ఆయన ఎందుకు నిలబడ్డాడు? దీనికి మన సూత్రాల్లో నేరుగా సమాధానం లేదు. వర్గ ప్రయోజనం చూసుకుంటే పన్నెండు వందలు తీసుకుని మద్రాసులో కాలం గడపటమే లాభం. అన్న ఐదు వేలు తీసుకుని చేసింది అదే. "స్వాతంత్ర్య యోధుడు" అని ఇప్పుడు కొందరు వేస్తున్న బిరుదు కూడా నాకు నప్పినట్టు తోచదు. కప్పం కట్టి, ఆ కప్పం రైతునుంచి పిండి, చివరిదాకా కంపెనీకి విన్నపాలు రాసుకున్న రాజు ఆయన. నాకు తోచింది చెబుతాను. ఆయన జన్మలో సొంతంగా చేసిన నిర్ణయం అదొక్కటే. గద్దె పెద్దమ్మ ఇచ్చింది, దివాను అన్న అయ్యాడు, నచ్చిన దివానును గవర్నరు తీసేశాడు, చివరకు ఉండే ఊరు కూడా దొరే చెప్పాడు. పద్మనాభంలో ఆగటం మాత్రం ఆయనది. దాని విలువ దానికి ఉంది. అయితే ఆ విలువను మోసినవాళ్ళు నాలుగు వేలమంది. వాళ్ళలో చనిపోయిన ముఖ్యుల పేర్లను దొరలు రాసిపెట్టారు. సామాన్యుల పేర్లు రాయలేదు. వాళ్ళు ఎందుకు నిలబడ్డారు? ఉప్పు తిన్న విశ్వాసమా, తండ్రి తాతల ఇనాము పొలమా, ఇంటికి వెళితే మళ్ళీ చేయవలసిన వెట్టా? వీరగాథకు ఈ ప్రశ్న పట్టదు. మనకైనా పట్టాలి.

విజయరామరాజు కొడుకు నారాయణబాబును కొండ జమీందార్లు కాచుకున్నారు. సీమంతా అట్టుడికింది. కంపెనీవాడు వ్యాపారి, యుద్ధం కొనసాగిస్తే వసూలు ఆగిపోతుందని గ్రహించి, సంస్థానాన్ని కత్తిరించి, కొండ జమీందార్లను దానినుంచి విడదీసి, మిగిలింది కుర్రవాడికి తిరిగి ఇచ్చాడు. 1802లో పర్మనెంట్ సెటిల్మెంటు ప్రకారం 1,157 గ్రామాలు, ఐదు లక్షల పేష్కషు. ఇక బలగం లేదు, దివానులు గుమాస్తాలయ్యారు. నారాయణబాబు అప్పుల్లో మునిగి, ఎస్టేటును దొరల అజమాయిషీకి వదిలి కాశీ వెళ్ళిపోయి 1845లో అక్కడే పోయాడు. కత్తిని లాక్కున్నాక జమీందారుకు మిగిలింది సంగీతం, వేదపండితులు, గుర్రాలు, దావాలు. 1948 నాటి ఎస్టేట్ల రద్దు చట్టం దాకా రైతుకు మాత్రం శిస్తు శిస్తుగానే ఉంది.

ఆ దావాల సంగతి చెప్పక తప్పదు. ఎందుకంటే అక్కడ మనవాడు ఒకడున్నాడు. మన సభల్లో వేదిక వెనక పటం కట్టుకునే గురజాడ అప్పారావుగారు అదే సంస్థానపు ఉద్యోగి. ఆనంద గజపతి ప్రాపకంలో ఆయన మహారాజావారి కళాశాలలో అధ్యాపకుడయ్యాడు, సంస్థానానికి శాసన పరిశోధకుడయ్యాడు. 1892లో 'కన్యాశుల్కం' తొలిసారి ఆడింది విజయనగరంలోనే, 1897లో అచ్చు వేసి అంకితమిచ్చింది ఆనంద గజపతికే. ఆ నాటకం వెనక ఉన్న లెక్క కూడా సంస్థానం పూనుకుని తీయించినదే: విశాఖపట్నం జిల్లాలో మూడేళ్ళలో బ్రాహ్మణ ఇళ్ళలో జరిగిన శుల్క వివాహాలు 1,034. అందులో ఏడాది వయస్సు పెళ్ళికూతుళ్ళు ముగ్గురు. పన్నెండు వేల సిపాయిలను లెక్కపెట్టించిన ఆస్థానం, వందేళ్ళ తరవాత అమ్ముడుపోయిన ఆడపిల్లలను లెక్కపెట్టించింది. ఇది చిన్న మార్పని నేననను. ఆనంద గజపతి అనే మనిషి లేకపోతే ఆ లెక్క అప్పుడు తయారయ్యేది కాదు. దాన్ని నాటకంగా మార్చటం మాత్రం ఏ మహారాజూ చేయించగలిగిన పని కాదు.

1897లోనే ఆనంద గజపతి సంతానం లేకుండా పోయాడు. తల్లి అలకరాజేశ్వరి ఆ ఏడే ఒక పిల్లవాణ్ణి దత్తు తీసుకుంది. మళ్ళీ ఒక పెద్దావిడ, మళ్ళీ ఒక దత్తత, మళ్ళీ దాయాదులు. ఈసారి కత్తులు లేవు, వకీళ్ళున్నారు. ఆనంద గజపతి చెల్లెలు, రీవా మహారాణి అప్పల కొండయాంబ, గురజాడను ఆంతరంగిక కార్యదర్శిగా పెట్టుకుంది. తెలివైన మనిషి, పట్టుదల గల మనిషి ఆమె. 'కన్యాశుల్కం' రెండో కూర్పు 1909లో పెద్దదై, కొత్తదై రావటం వెనక ఆమె ఆదరణ ఉంది. కాని ఆ ఆదరణకు గురజాడ చెల్లించిన మూల్యం ఉంది. దత్తత వ్యాజ్యానికి కాగితాలు సిద్ధం చేయటం, వంశవృక్షాలు వెతకటం, మద్రాసు వకీళ్ళ చుట్టూ తిరగటం. తెలుగు వచనాన్ని తిరగరాసిన చెయ్యి ఏళ్ళ తరబడి ఏ కొమ్మకు ఏ రెమ్మ దాయాదో రాసింది. ఆయన తలపెట్టిన కళింగ చరిత్ర పూర్తి కాలేదు, 'కొండుభట్టీయం', 'బిల్హణీయం' సగంలో నిలిచిపోయాయి. ఆరోగ్యం అప్పటికే పాడైంది.

వ్యాజ్యం రాజీతో ముగిసింది. 1913లో గురజాడ ఉద్యోగం విరమించారు. 1915 నవంబరు 30న చనిపోయారు.